వారియర్‌కి ఏ రేస్ తీసుకోవాలి?

ప్రశ్న: అన్నయ్యా, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇంజనీరింగ్ రెండో ఏడు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ గేమ్ మొదలెడదామనుకుంటున్నాను. క్లాస్ వారియర్ (యోధుడు) అని ఖాయం చేసుకున్నాను కానీ రేస్, అంటే పాత్ర జాతి, దగ్గర ఆగిపోయాను. హ్యూమన్‌కి కత్తి బోనస్ ఉంటుంది, అదే బెస్ట్ అని ఒక వీడియోలో చెప్పారు. భీమవరంలో ఉండే మా పెదనాన్నగారబ్బాయి, వాడి ఫ్రెండ్స్ ఇద్దరూ హోర్డ్ పక్షంలో ఆడుతున్నారు, ముందు నిలబడి దెబ్బలు కాచే ట్యాంక్ లేక ఇబ్బందిగా ఉంది, వచ్చెయ్ అంటున్నారు. ఏం చెయ్యమంటారు? హోర్డ్‌కి వెళ్తే ఓర్క్ మంచిదా, టారెన్ మంచిదా?

జవాబు: తమ్ముడూ, హోర్డ్‌కి వెళ్లు. ఇందులో రెండో ఆలోచన వద్దు. క్లాసిక్‌లో అలయన్స్, హోర్డ్ అని రెండు శత్రు పక్షాలు, వాళ్లూ వీళ్లూ కలిసి పార్టీ కట్టలేరు, ఒకరు టైప్ చేసింది ఇంకొకరికి అర్థం కూడా కాదు. నువ్వు అలయన్స్ రేస్ అయిన హ్యూమన్ తీసుకున్నావంటే మీ అన్నయ్య పక్కనే నిలబడినా శత్రువే. పైగా వారియర్ ఒంటరిగా లెవెల్ పెంచుకోవడానికి చాలా కష్టమైన క్లాస్. తనకి తాను హీల్ చేసుకోలేడు, ఒక తోడేలుతో కొట్లాడుతుంటే రెండోది వచ్చి తగులుకుందంటే చాలు, చచ్చి శ్మశానం నుంచి మళ్లీ నడుచుకుంటూ రావాలి. అదే వెనకాల ఒక హీలర్ ఉంటే ఆటే మారిపోతుంది. నీకు ఆ మనుషులు రెడీగా ఉన్నారు, వాళ్లని వదులుకుని కత్తి బోనస్ కోసం అవతలికి పోవడం నాకైతే నచ్చలేదు.

వీడియోలో చెప్పింది మాత్రం అబద్ధం కాదు. 60వ లెవెల్‌కి ఆయుధ నైపుణ్యం గరిష్ఠంగా 300 ఉంటుంది, రెయిడ్ (పెద్ద గుంపుగా వెళ్లే దాడి) బాస్‌లు 63వ లెవెల్ లెక్క. వాళ్లని కొడుతుంటే మామూలు దెబ్బల్లో 40 శాతం దాకా సరిగ్గా తగలకుండా జారిపోతాయి, అలా జారిన దెబ్బకి సుమారు 35 శాతం డ్యామేజ్ పోతుంది. నైపుణ్యం 305 అయితే ఆ నష్టం 15 శాతానికి దిగుతుంది, రెండు చేతుల ఆయుధంతో అసలు తగలకుండా పోయే దెబ్బలు కూడా 8 శాతం నుంచి 6కి తగ్గుతాయి. ఒక్క 5 పాయింట్లకి ఇంత తేడా, అందుకే రెయిడ్లు ఆడేవాళ్లు దీని గురించి అంత పట్టుబడతారు. హ్యూమన్‌కి ఆ 5 పాయింట్లు కత్తులు, గదల మీద వస్తాయి. కానీ ఓర్క్‌కి సరిగ్గా అదే గొడ్డళ్ల మీద వస్తుంది, కాబట్టి హోర్డ్‌కి పోతే అది చేజారిపోతుందన్న టెన్షన్ అక్కర్లేదు. పైగా హోర్డ్‌లో షామన్ అనే క్లాస్ వేసే విండ్‌ఫ్యూరీ టోటెమ్ దగ్గర ఉంటే నీ ప్రతి దెబ్బకీ ఇంకో దెబ్బ ఊరికే పడడానికి 20 శాతం ఛాన్స్ ఉంటుంది. వారియర్‌కి అంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు ఓర్క్, టారెన్ సంగతి. నువ్వు ఆడబోయేది నలుగురైదుగురితో డంజన్లు (చిన్న జట్టుతో వెళ్లే శత్రువుల కోటలు, గుహలు), అందులోనూ ట్యాంక్‌గా, కాబట్టి నా ఓటు టారెన్‌కే. ఆరోగ్యం 5 శాతం ఎక్కువ, దానికితోడు మొదటి లెవెల్ నుంచే వార్ స్టాంప్ అనే శక్తి ఉంటుంది. ఒక గుంపుని లాగావనుకో, అందులో మూడు నీ చెయ్యి జారి హీలర్ మీదకి పరిగెత్తాయి. పక్కకెళ్లి నేల మీద ఒక్క తన్ను తన్నితే 8 గజాల్లో ఉన్న ఐదు శత్రువుల వరకూ 2 సెకన్లు కదలకుండా నిలబడిపోతాయి. తన్నడానికి అర సెకను పడుతుంది, అది గుర్తుపెట్టుకో. ఆ 2 సెకన్లలో వాటిని మళ్లీ నీ వైపు తిప్పుకోవచ్చు, మీ హీలర్ బతుకుతాడు. ఓర్క్‌కి స్టన్‌లు (కదలకుండా చేసే దెబ్బలు) తప్పించుకునే ఛాన్స్ 25 శాతం ఎక్కువే కానీ, దాని ప్రత్యేక శక్తి బ్లడ్ ఫ్యూరీ వాడితే 25 సెకన్లపాటు నీకు పడే హీలింగ్ సగమే. దెబ్బలు కాస్తున్న ట్యాంక్ అది నొక్కితే హీలర్‌కి చుక్కలు కనపడతాయి. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, ముందుముందు 40 మంది రెయిడ్లకి పోవాలని గట్టిగా ఉంటే ట్యాంక్‌గానైనా ఓర్కే మేలు, గొడ్డలి నైపుణ్యంతో థ్రెట్, అంటే శత్రువుల్ని తన మీదే ఉంచుకునే బలం, బాగా వస్తుంది. అన్‌డెడ్ తీసుకుంటే భయం పోగొట్టుకోవచ్చని ఎవరైనా చెప్తారు, కానీ వారియర్‌కి భయం పోగొట్టే బెర్సర్కర్ రేజ్ ఎలాగూ ఉంది, దాని కోసం రేస్ మార్చుకోనక్కర్లేదు. ట్రోల్ కూడా బాగానే ఉంటుంది, నువ్వు అడగలేదు కాబట్టి వదిలేస్తున్నా.

ఇంకో మాట. గాలివాన వచ్చిందంటే మన కోనసీమలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. మిగతావాళ్లు ఒక్కసారి డిస్‌కనెక్ట్ అయినా ఎలాగో నెట్టుకొస్తారు, ట్యాంక్ పోతే పార్టీ మొత్తం చచ్చిపోతుంది. వైఫై రౌటర్‌కి ఒక చిన్న యూపీఎస్ పెట్టించుకో, నీది డెస్క్‌టాప్ అయితే దానికీ కావాలి.

ప్రశ్న: నేను నైట్ ఎల్ఫ్ వారియర్‌తో 24వ లెవెల్‌కి వచ్చానండీ. ఆ రేస్ వారియర్‌కి వేస్ట్, తీసేసి హ్యూమన్‌తో మళ్లీ మొదలెట్టమని మా గిల్డ్‌లో (ఆటగాళ్ల బృందంలో) ఒకాయన రోజూ అంటున్నారు. నాకు ఈ క్యారెక్టర్ అంటే ఇష్టం. – నరసాపురం నుంచి ఒక సోదరి

జవాబు: తియ్యకండమ్మా. పైన చెప్పిన లెక్కలన్నీ 60వ లెవెల్‌లో, మనకన్నా 3 లెవెల్స్ పైనున్న బాస్‌ల మీద. మీతో సమానమైన లెవెల్ శత్రువుల దగ్గర ఆ తేడా దాదాపు కనపడదు. నైట్ ఎల్ఫ్‌కి దెబ్బ తప్పించుకునే ఛాన్స్ 1 శాతం ఎక్కువ, చిన్నదే అయినా ట్యాంక్‌కి పనికొస్తుంది. గంటల తరబడి చూస్తూ ఆడాల్సింది మీరు, ఆయన కాదు. మీ చేతిలో ఏ ఆయుధం ఉందన్నది ఇప్పుడు రేస్ కంటే చాలా ముఖ్యం. 30వ లెవెల్‌లో వారియర్లకి మాత్రమే వచ్చే వర్ల్‌విండ్ ఆయుధం క్వెస్ట్ ఉంది, గొడ్డలి, కత్తి, సుత్తి, మూడింట్లో ఏది కావాలంటే అది ఇస్తారు. చివర్లో వచ్చే సైక్లోనియన్ అనే శత్రువుని ఒంటరిగా కొట్టలేరు. రోజూ సలహా ఇస్తున్న ఆ గిల్డ్ ఆయన్నే తోడు రమ్మనండి.