సికిల్ సెల్ ఉన్నవాళ్లకి మెదడులో రక్తస్రావం ఎందుకవుతుంది?

ప్రశ్న: మాది ఆదోని. తమ్ముడికి 24 ఏళ్లు, సికిల్ సెల్ ఉంది. ఇది రక్తనాళాలు మూసుకుపోయే జబ్బు కదా, మరి మెదడులో రక్తం కారడమేంటి?

చాలాసార్లు ఆ మూసుకుపోవడమే రక్తస్రావానికి దారితీస్తుంది. కొడవలిలా వంగిన ఎర్రకణాల వల్ల మెదడుకెళ్లే పెద్ద ధమనుల లోపలి పొర ఏళ్ల తరబడి దెబ్బతిని, దారి ఇరుకవుతుంది. రక్తం ఎలాగోలా చేరాలి కాబట్టి చుట్టూ సన్నని కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. కేసీ కెనాల్ పూడిపోయి నీళ్లన్నీ పిల్లకాలువల మీద పడితే గట్లు తెగవా? ఇదీ అంతే. కొందరికి ధమని గోడే బుడగలా ఉబ్బి పగులుతుంది.

చిన్నపిల్లల్లో ఎక్కువగా వచ్చేది నాళం మూసుకుపోయే స్ట్రోక్. రక్తస్రావం ముప్పు 20-29 ఏళ్ల వయసులో ఎక్కువ, అంటే మీ తమ్ముడి వయసే. అలాగని రోజూ టెన్షన్ పడక్కర్లేదు, అందరికీ రాదు.

2-16 ఏళ్ల పిల్లలకైతే ఏటా ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్ (మెదడు నాళాల్లో రక్తం ఎంత వేగంగా పారుతోందో చూసే స్కాన్) చేస్తారు. రక్తవేగం సెకనుకు 200 సెంటీమీటర్లకు చేరితే క్రమం తప్పకుండా రక్తం ఎక్కిస్తారు. పెద్దవాళ్లకి ఈ పరీక్ష అంతగా పనికిరాదు. ఎమ్మారై అవసరమా అని డాక్టర్‌ని అడగండి.

ఉన్నట్టుండి ఎప్పుడూ లేనంత తలనొప్పి, వాంతులు, మెడ పట్టేయడం, ఫిట్స్, మాట తడబడటం, మగత... వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. తలనొప్పే కదా అని ఆస్పిరిన్ ఇవ్వొద్దు, రక్తస్రావం పెరుగుతుంది. సీటీ స్కాన్, న్యూరోసర్జన్ ఉన్నచోటికే తీసుకెళ్లాలి. కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్తే క్యాజువాలిటీలో మొదటిమాటగా 'సికిల్ సెల్ పేషెంట్' అని చెప్పండి. రక్తమార్పిడి నిర్ణయం దాన్నిబట్టే ఉంటుంది.