జేసీబీ వచ్చేలోపు పీలికలు కట్టండి

ప్రశ్న: డాక్టరమ్మా, నమస్తే. శంకర్‌పల్లి అవతల మాకు 11 ఎకరాల బీడు ఉంది. నలభై గొర్లు, పదిహేను మేకలు అందులోనే మేస్తాయి. నాలుగేండ్లుగా సర్కారు తుమ్మ కమ్ముకొచ్చి గొర్లు దూరే సందు లేదు. ఖాళీ ఉన్న చోటల్లా వయ్యారిభామ కలుపే. జేసీబీ ఆయన రెండు రోజుల్లో మొత్తం చదును చేస్తానంటున్నాడు. పురుగుమందుల దుకాణంలో గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టమంటున్నారు. మా అమ్మ మాత్రం తంగేడు జోలికి పోతే ఊరుకోనంటున్నది. ఏం చేయాలె?
– ఒక పాఠకుడు, మెహిదీపట్నం

జవాబు: మీ అమ్మగారి మాట సగం వినండి. సగమే ఎందుకో తర్వాత చెప్తాను.

పదిహేనేండ్ల కింద మొయినాబాద్ దగ్గర మా తమ్ముడి నాలుగెకరాల బీడును నేనే దగ్గరుండి చదును చేయించాను. పశువైద్యురాలిని, నాకు తెలియంది ఏముందన్న ధీమా. రేగు, బలుసు, పరికి, కలివి అన్నీ ఒకే కుప్పలో పడ్డాయి. వానలు పడ్డాక పచ్చగడ్డి చూద్దామని పోతే నడుమెత్తు వయ్యారిభామ ఎదురొచ్చింది. దానికి కావాల్సింది అదే మరి, కదిలిన మన్ను, అడ్డొచ్చే గడ్డి లేని నేల. మొలిచిన నెల, నెలన్నరకే పూతకొస్తుంది, ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. 1950ల్లో పుణె దగ్గర జనం కంటపడ్డ ఈ మొక్క మన గల్లీల దాకా వచ్చిందంటే, నాలాంటి వాళ్ళ చదును పనులే దానికి దారి పరిచాయి.

కాబట్టి జేసీబీని పిలవండి, కానీ ఒక్క వారం ఆగి పిలవండి. ఆ వారంలో పాత ఎర్రచీర ఒకటి చింపి, ఉంచాల్సిన ప్రతి మొక్కకూ పీలిక కట్టండి. ముఖ్యంగా జమ్మికి. లేత జమ్మిని తుమ్మ అనుకొని కొట్టేసిన వాళ్ళను ఎంతమందిని చూశానో. రెండూ ఒకే కుటుంబానివి, పోలిక ఉండనే ఉంటుంది. ముళ్ళు చూడండి. సర్కారు తుమ్మకు ఆకు పుట్టే కణుపు దగ్గర ముళ్ళు జంటగా, పొడుగ్గా ఉంటాయి. జమ్మికి కణుపుల మధ్య కొమ్మంతా చిన్న ముళ్ళు చెదిరి ఉంటాయి. దసరాకు మొక్కే చెట్టు, మన రాష్ట్ర వృక్షం, మన చేతులతోనే పోగొట్టుకోవద్దు. రేగు, కలివి, మోదుగ కూడా ఉండనీయండి. ఎండాకాలం గడ్డి మాడిపోయినప్పుడు మీ మేకలు బతికేది రేగాకు మీదే.

పొదలన్నీ శత్రువులు అనుకునే వాళ్ళకు నేను కలివికోడి కథ చెప్తుంటాను. అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లా చిట్టడవిలో మళ్ళీ దొరికింది. దానికి పొద మరీ చిక్కబడినా పనికిరాదు, నేల మొత్తం బోడిగా ఉన్నా పనికిరాదు. పొదకూ పొదకూ మధ్య పరుగెత్తే సందు కావాలి. మీ బీడుకు కలివికోడి రాదు లెండి, ఆశపడకండి. కానీ తీతువు, కౌజు మీ దగ్గరా ఉంటాయి. అవి నేల మీదే గుడ్లు పెడతాయి, ఎండాకాలం నుంచి శ్రావణం దాకా. అందుకే యంత్రం పని పుష్యం, మాఘాల్లో ముగించండి.

తుమ్మను పైన నరికితే ఒక్క మోడు నుంచి పది పిలకలు లేస్తాయి. జానెడు లోతున మొదలంటా తవ్వి తీయాలి. జేసీబీ బకెట్ పని అంతవరకే. ఏడాదికి మూడు, నాలుగెకరాలకు మించి తెరవకండి. కట్టెను బొగ్గుకు అమ్మితే కూలి ఖర్చులో కొంత వస్తుంది. తవ్విన గుంతల్లో గరిక వేర్లు నాటి, అంజన్ గడ్డి గింజ చల్లి, పైన కాయలు లేని తుమ్మకంప కప్పండి. ఆ వానాకాలం గొర్ల మూతి అందులో పడకపోతే చాలు, గడ్డి కుదురుకుంటుంది. వయ్యారిభామను పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగు వేసుకొని పీకాలి. దాని ఆకుల మీద నల్లచారల తెల్లటి పురుగు కనిపిస్తే చంపకండి. మెక్సికో నుంచి తెచ్చి 1984లో బెంగళూరులో వదిలిన పురుగు అది, మీ తరఫున పనిచేస్తున్నది.

అసలు తుమ్మ ఎలా వచ్చిందో తెలుసా? మీ మేకలే తెచ్చాయి. తియ్యటి కాయలు తింటాయి, గింజ అరగదు, పేడతో బయటపడి మొలుస్తుంది. కాయలు రాలే రోజుల్లో పక్కవాళ్ళ తుమ్మల కిందికి మందను తోలి, తెల్లారి మీ కొత్త గడ్డిలోకి వదిలితే చేసిన పనంతా వృథా. కడుపులోని గింజలు బయటపడేదాకా నాలుగైదు రోజులు దొడ్లో కట్టి మేపండి.

గ్లైఫోసేట్ వద్దు. అది గరికను, కలుపును ఒక్కటే చేసి చంపుతుంది. పైగా 2022 అక్టోబరులో కేంద్రం దాని వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఆ దుకాణదారుకు ఈ సంగతి మీరే చెప్పండి.

ఇక తంగేడు. మన మొక్కే, బతుకమ్మకు అది లేకుండా గడవదు. కానీ గొర్లు దాన్ని పెద్దగా ముట్టవు. చుట్టూ గడ్డిని నాకేసి దాన్ని వదిలేస్తాయి, అది ఇంకా విస్తరిస్తుంది. తంగేడు ఒక్కటే మిగిలిన బీడు చూస్తే నాకు పూలు కనిపించవు, మంద ఎక్కువైందన్న సంగతి కనిపిస్తుంది. గట్ల వెంట అంతా ఉంచండి, మధ్యలోది ఏటా మూడో వంతు కోసి మడిలో పచ్చిరొట్టగా తొక్కించండి. మళ్ళీ చిగురిస్తుందని అమ్మగారికి చెప్పండి.

ప్రశ్న: మేడమ్, వనస్థలిపురంలో రెండు బర్రెలు పెంచుకుంటున్నాం. ఖాళీ ప్లాట్లలో మేపుతాం. వారం నుంచి పాలు చేదుగా ఉన్నాయని వాడకందార్లు తిరిగి పంపుతున్నారు.

జవాబు: ఆ ప్లాట్లలో ఏం మొలిచిందో చూశారా? బహుశా వయ్యారిభామ. కడుపు నిండిన బర్రె దాన్ని ముట్టదు, ఆకలితో వదిలితే తింటుంది. పొద్దున చొప్ప వేసి ఆ తర్వాతే బయటకు తోలండి. మూతి చుట్టూ, పొదుగు మీద దద్దుర్లు ఉంటే మాత్రం పశువుల ఆసుపత్రిలో చూపించండి. ఉప్పునీళ్ళు కొట్టి ఆ మొక్కను మాడ్చవచ్చని ఎవరైనా చెప్తారు. బాట పక్కన అయితే కొట్టండి. మేత మొలవాల్సిన చోట కొడితే గడ్డి కూడా పోతుంది.