క్లబ్బు సెక్రటరీ అయిన మా అల్లుడికి

అల్లుడూ,

జూలై 1 నుంచి క్లబ్బుకి నువ్వే సెక్రటరీవని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు, సంతోషం. నువ్వు వాట్సాప్‌లో పంపిన సంవత్సరం ప్లాన్ కూడా కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాను. జూలైలో మొక్కలు, ఆగస్టు 15కి స్కూలు పిల్లలకి నోటు పుస్తకాలు, సెప్టెంబరు 5కి టీచర్లకి సన్మానం, అక్టోబరు 2కి రక్తదానం, డిసెంబరులో దుప్పట్లు, ఉగాదికి చలివేంద్రం, జూన్ 14కి మళ్ళీ రక్తదానం. రంగులేసి చక్కగా చేశావు. ఒక్కటే ఇబ్బంది, ఇవన్నీ పేపర్లో ఫోటో పడే రోజులు. అవతలివాళ్ళకి ఏది ఏ రోజున కావాలో ఎవరినీ అడిగినట్టు లేదు. నేను చెప్పేదంతా దాని గురించే, ఓపిక ఉంటే కూర్చుని చదువు, లేకపోతే మీ ఆవిడతో చదివించుకుని విను.

ఉద్యోగమంతా బ్లడ్ బ్యాంకులో నర్సుగా చేసినదాన్ని కాబట్టి రక్తం దగ్గరే మొదలుపెడతాను. అక్టోబరు 1 జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం, మర్నాడు గాంధీ జయంతి, జూన్ 14 ప్రపంచ రక్తదాతల దినం. ఆ రోజుల్లో నీ క్లబ్బే కాదు, ఊళ్ళో ఉన్న ప్రతి క్లబ్బూ, ప్రతి పార్టీ ఆఫీసూ, ప్రతి హీరో అభిమాన సంఘమూ శిబిరం పెడుతుంది. ఎర్రకణాలు మహా అయితే 42 రోజులు నిలవుంటాయి, అదీ సరైన ద్రావణంలో, సరైన చల్లదనంలో పెడితే. ప్లేట్‌లెట్లకి అయిదు రోజులే ఆయుష్షు. అన్నీ ఒకే వారంలో వచ్చి పడితే ఫ్రిజ్‌లో చోటు చాలదు, వాడకముందే గడువైపోయి పారబోయాల్సి వస్తుంది. నువ్వు వంద యూనిట్లు సేకరించామని ఫ్లెక్సీ వేయించుకుంటావు, లోపల ల్యాబ్ టెక్నీషియన్ తల పట్టుకుంటాడు.

అసలు కరువు ఎప్పుడో తెలుసా? ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ మధ్య దాకా. రక్తం ఎక్కువగా ఇచ్చేది కాలేజీ పిల్లలు, వాళ్ళకి సెలవులు. మిగతావాళ్ళు ఎండకి బయటికి రారు, పైగా పెళ్ళిళ్ళ సీజన్. కానీ ఒంట్లో రక్తం సరిగా తయారవని తలసేమియా పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించి తీరాలి, వాళ్ళ జబ్బుకి వేసవి సెలవులు లేవు. కాన్పులూ ఆగవు, హైవే మీద యాక్సిడెంట్లూ ఆగవు. మన గుంటూరు పెద్దాసుపత్రికి పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి కూడా వస్తారు, వాళ్ళ వెంట వచ్చిన ఇద్దరు ముగ్గురిలో గ్రూపు కలవక కారిడార్లో ఫోన్లు పట్టుకుని తిరుగుతుంటారు.

దీంట్లో క్లబ్బుల వల్ల వచ్చే తిరకాసు ఇంకోటి ఉంది, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. రోటరీ అయినా లయన్స్ అయినా మనదైనా సంవత్సరం జూన్ 30తో అయిపోతుంది. మే వచ్చేసరికి పాత ప్రెసిడెంటు అలిసిపోయి ఉంటాడు, ఖాతా ఖాళీ అయి ఉంటుంది, కొత్త ప్రెసిడెంటు ప్రమాణ స్వీకారానికి ఏ సూటు కుట్టించుకోవాలా అని చూస్తుంటాడు. అంటే ఊరికి మన అవసరం బాగా ఉన్న నెలల్లోనే క్లబ్బు నిద్రపోతుంది. నువ్వు మిగతాది ఏం చేసినా చెయ్యకపోయినా, ఏప్రిల్, మే, జూన్ నెలలకి సరిపడా డబ్బూ మనుషులూ ఇప్పుడే పక్కన పెట్టు. వచ్చే ఏడాది సెక్రటరీ ఎవరో జనవరికల్లా తేలిపోతుంది కదా, వాణ్ణి ఏప్రిల్ నుంచే పనిలోకి లాగు.

రక్తదానం ఎలా చెయ్యాలంటే, వందమందితో ఒక శిబిరం వద్దు, పాతికమందితో నాలుగు పెట్టు. అందులో ఒకటి ఏప్రిల్ చివర, ఒకటి మే మధ్యలో. ముందు బ్లడ్ బ్యాంకుకి ఫోన్ చేసి మీకు ఏ వారం తక్కువ పడుతుందని అడుగు, వాళ్ళే చెప్తారు. ఎండాకాలంలో పిల్లల కోసం చూడకు, బ్రాడీపేట, అరండల్‌పేటల్లో షాపులవాళ్ళూ బ్యాంకు ఉద్యోగులూ ఉన్నారు, సాయంత్రం పూట ఏసీ హాల్లో పెడితే వస్తారు. ఒకసారి ఇచ్చిన మగవాళ్ళు మళ్ళీ ఇవ్వాలంటే మూడు నెలలు, ఆడవాళ్ళయితే నాలుగు నెలలు ఆగాలి, కాబట్టి ఎవరు ఎప్పుడు ఇచ్చారో, ఏ గ్రూపో ఒక పుస్తకంలో రాసుకో. ఓ నెగెటివ్ వాళ్ళు కనపడితే శిబిరంలో తొందరపడి తీయించకు, పేరూ నంబరూ రాసి పెట్టుకుని, అవసరం పడ్డ రోజు పిలువు. 18 నిండాలి, 65 దాటకూడదు, బరువు కనీసం 45 కిలోలుండాలి, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, ఖాళీ కడుపుతో రాకూడదు. ఇవి పిలిచేటప్పుడే చెప్తే, ఇంత దూరం వచ్చి వెనక్కి వెళ్ళేవాళ్ళు తగ్గుతారు. అయినా చాలామంది ఆడపిల్లలు హిమోగ్లోబిన్ దగ్గరే ఆగిపోతారు. వాళ్ళని 'నువ్వు పనికిరావు' అన్నట్టు పంపించెయ్యకండి, ఆ పక్కనే ఒక కుర్చీ వేసి డాక్టరమ్మని కూర్చోబెడితే ఆ శిబిరంలో అదే పెద్ద సేవ అవుతుంది.

బహుమతులు మాత్రం వద్దు. హెల్మెట్ ఇస్తాం, డిన్నర్ సెట్ ఇస్తాం అని పిలిచావనుకో, దాని కోసం వచ్చినవాడు మొన్న జ్వరం వచ్చిందనీ ఏవో మందులు వాడుతున్నాననీ దాచేస్తాడు. తీసిన ప్రతి యూనిట్‌కీ హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు, నిజమే, కానీ కొత్తగా సోకిన జబ్బు పరీక్షకి దొరక్కుండా ఉండే రోజులు కొన్ని ఉంటాయి. అక్కడ కాపాడేది దాత చెప్పే నిజం ఒక్కటే. జ్యూసు, బిస్కెట్లు, ఒక సర్టిఫికెట్టు, అంతవరకు చాలు.

చలివేంద్రం సంగతి. ఉగాది నాడు రిబ్బన్ కట్ చేసి, ఎమ్మెల్యే గారి చేత మొదటి గ్లాసు ఇప్పించి, మే వచ్చేసరికి పందిరి చిరిగి కుండలు బోర్లా పడి ఉండే చలివేంద్రాలు శంకర్ విలాస్ సెంటర్ నుంచి బస్టాండు దాకా ఎన్ని చూశామో నీకూ తెలుసు. కారణం ఏమీ లేదు, నీళ్ళు పోసే మనిషి లేడు. సభ్యులం వంతులు వేసుకుంటాం అంటారు, మొదటి వారం వస్తారు, తర్వాత ఎండకి ఎవడొస్తాడు? నా మాట విని జీతమిచ్చి ఒక మనిషిని పెట్టు. సేవకి జీతమేంటని మీటింగులో ఎవరో ఒకరు లేస్తారు, లేవనీ. అయిదు చోట్ల పెట్టే డబ్బుతో రెండు చోట్ల పెట్టి, జూన్‌లో వానలు పడేదాకా నడుపు. పొడుగు కాడ గరిటె పెట్టు, అందరూ కుండలో చేతులు ముంచకుండా. పారబోసిన నీళ్ళు కాలవలోకి పోయేలా చూడు, లేకపోతే ముందు తిట్టేది పక్క షాపువాడే. మజ్జిగ పోస్తామంటే పొద్దున పదకొండు లోపల అయిపోయేంతే తెప్పించు, ఆ ఎండకి మధ్యాహ్నానికి పులిసిపోతుంది.

మిర్చి యార్డు గేటు దగ్గర మాత్రం ఉగాది దాకా ఆగకు. అక్కడ హమాలీలకి పని ముమ్మరంగా ఉండేది ఫిబ్రవరి నుంచి, ఆ ఘాటుకీ దుమ్ముకీ గొంతు ఆరిపోతుంది. మే, జూన్ నెలల్లో యార్డుకి సెలవులిస్తారు, అప్పుడు ఆ కుండలే తీసుకెళ్ళి ఆసుపత్రి గేటు దగ్గర పెట్టుకో.

వరదలు వచ్చినప్పుడు కూడా ఇదే గొడవ. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఇక్కడి నుంచి మనవాళ్ళు కూడా బండ్లు వేసుకుని వెళ్ళారు. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వస్తున్నాయని అందరూ కృష్ణ వైపు చూస్తుంటే, ఊరిని ముంచింది బుడమేరు. మొదటి మూడు రోజులు అందరూ సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గరికే వచ్చారు, పులిహోర పొట్లాలు, బిర్యానీ పొట్లాలు, వాటర్ బాటిళ్ళు అక్కడే గుట్టలు పడ్డాయి. లోపల వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట సందుల్లో పడవ వెళ్ళని చోట ఉన్నవాళ్ళు మేడల మీద నుంచి చేతులు ఊపుతూనే ఉన్నారు. కొన్ని వీధుల్లో నీళ్ళు తియ్యడానికి వారం దాటింది. నీళ్ళు తీశాక ఇంట్లో మోకాలి లోతు బురద, ఫైరింజన్లు పెట్టి ఇళ్ళు కడిగించింది ప్రభుత్వం. అప్పుడు కావాల్సింది పులిహోర కాదు గదా. చీపుర్లు, బకెట్లు, బ్లీచింగ్ పౌడరు, గ్యాస్ స్టవ్ బాగుచేసే మనిషి, పరుపు, పిల్లల పుస్తకాలు, ఇంజన్లోకి నీళ్ళు పోయి ఆగిపోయిన ఆటోకి మెకానిక్. ఆటో కదిలితే ఆ ఇల్లు తన తిండి తను తింటుంది, నీ పొట్లం దాకా రాదు. కానీ ఆ రోజులకి వసూలు చేసిన డబ్బంతా అయిపోయి ఉంటుంది, టీవీవాళ్ళు కూడా వెళ్ళిపోయి ఉంటారు. అందుకే ఏ విపత్తుకి డబ్బు పోగుచేసినా సగం పదో రోజు తర్వాత ఖర్చు పెట్టాలని ముందే తీర్మానం రాయించు. వేడి మీద ఎవడూ ఒప్పుకోడు, కాబట్టి ఈ జూలై మీటింగులోనే, వానలు ముదరకముందే రాయించు.

కంటి శిబిరం నీ ప్లాన్‌లో లేదు, అది పెట్టు. పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి లాంటివాళ్ళు పల్లెల నుంచి పేదవాళ్ళని తీసుకొచ్చి శుక్లాల ఆపరేషన్లు ఉచితంగా చేస్తారు, వాళ్ళతో మాట్లాడుకోవచ్చు. ఆపరేషన్ వాళ్ళ పని, మన పని అంతా దానికి ముందూ వెనకా. మిరప పండించే ఊళ్ళకి జనవరి నుంచి ఏప్రిల్ దాకా వెళ్ళకు. కోతలు నడుస్తుంటాయి, ముసలమ్మలు కూడా కూలికి పోతారు. ఒకవేళ వచ్చి చేయించుకున్నా మూడో రోజుకే మిరప కళ్ళంలో కూర్చుంటారు, కొత్తగా కోసిన కంట్లో ఆ ఘాటు పడితే ఎలా ఉంటుందో నువ్వే ఆలోచించు. జూన్, జూలైల్లో పెడితే పనులు తక్కువ, నెల రోజులు చుక్కల మందు వేసుకుంటూ ఇంటి పట్టున ఉండగలరు. షుగరూ బీపీ ముందే చూపించి మందులు సర్దిపెట్టు, లేకపోతే బస్సెక్కి వెళ్ళి ఆపరేషన్ లేకుండానే తిరిగొస్తారు. ఆ తర్వాత ప్రతి ముసలావిడకీ ఒక సభ్యుడు ఫోన్ చేసి చుక్కలు వేసుకున్నావా పెద్దమ్మా అని అడగాలి, అంతే. మన యూత్ వింగ్ పిల్లలు దీనికి బాగా పనికొస్తారు, ఎలాగూ ఫోన్ చేతిలోనే ఉంటుంది గదా.

మిగతావి తొందరగా చెప్పేస్తా. నోటు పుస్తకాలు ఆగస్టు 15కి ఇస్తే బళ్ళు తెరిచి రెండు నెలలు దాటి ఉంటుంది, ప్రభుత్వం ఇచ్చే కిట్టులో అవి వచ్చేసే ఉంటాయి. హెడ్‌మాస్టర్ని కలిసి ఏది రాలేదో అడుగు, చాలా చోట్ల ఆడపిల్లల బాత్రూమ్‌కి గొళ్ళెం ఉండదు, నీళ్ళుండవు. గుంటూరు చలి ఏమంత చలని దుప్పట్లు? బస్టాండులో పడుకునేవాళ్ళకి ఒకే రాత్రి మూడు క్లబ్బులు మూడు దుప్పట్లు కప్పి ఫోటో తీసుకెళ్తాయి, దోమతెర ఇచ్చినవాణ్ణి నేనింకా చూడలేదు. మొక్కలు జూలైలో నాటడం సరైనదే, కానీ మొదటి వేసవికి నీళ్ళు పోసేదెవరో పేరు రాయనిదే గుంత తవ్వకు. టీచర్ల సన్మానం నీ ఇష్టం, శాలువాలు మాత్రం తగ్గించు, మా ఇంట్లోనే బీరువా నిండా ఉన్నాయి.

ఫోటోల గురించి ఒక మాట. సాయం తీసుకునేవాళ్ళ మొహాలు తియ్యకండి. ముఖ్యంగా పిల్లలవి, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళవి. రేపు ఆ పిల్ల క్లాసులో ఎవరో ఆ ఫోటో చూపించి నవ్వుతారు. దాతకి చూపించాలంటే వస్తువుని తియ్యి, బిల్లుని తియ్యి.

డబ్బు దగ్గర మొహమాటం పెట్టుకోకు. ఎవరు వంద ఇచ్చినా రశీదు ఇవ్వు. పన్ను మినహాయింపు కోసం రశీదు అడిగేవాళ్ళకి రెండు వేలు దాటిన మొత్తం నగదుగా ఇస్తే మినహాయింపు రాదని ముందే చెప్పి బ్యాంకు ద్వారానో ఫోన్‌పేలోనో పంపించమను. దాతల వివరాలు మే నెలాఖరుకల్లా ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళకి దాఖలు చెయ్యాలి, చూశావా, అది కూడా మేలోనే వచ్చి పడుతుంది, కాబట్టి ఆడిటర్‌తో ఏప్రిల్‌లోనే కూర్చో. ప్రతి ప్రాజెక్టు అయ్యాక వారం లోపల ఖర్చు లెక్క గ్రూపులో పెట్టెయ్యి, టీ డబ్బులతో సహా. లెక్క ఆలస్యమైతే దొంగతనం జరగకపోయినా జరిగిందనే అనుకుంటారు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఆ రంగుల ప్లాన్ పక్కన పెట్టి నలుగురికి ఫోన్ చెయ్యడం: బ్లడ్ బ్యాంకు ఆఫీసరు, ఒక మున్సిపల్ స్కూలు హెడ్‌మాస్టరు, యార్డులో హమాలీల మేస్త్రీ, కంటి ఆసుపత్రిలో క్యాంపులు చూసే మనిషి. మీకు ఏది, ఏ నెలలో తక్కువ పడుతుంది అని ఒక్కటే అడుగు, మధ్యలో మన క్లబ్బు గొప్పలు చెప్పకు. వాళ్ళు చెప్పింది రాసుకుని కొత్త ప్లాన్ వెయ్యి, రంగులు లేకపోయినా పర్లేదు. మీ ట్రెజరర్ని ఈ ఆదివారం సాయంత్రం మా ఇంటికి పంపు, పాత దాతల పుస్తకం నా దగ్గరే ఉంది, అందులో నంబర్లు సగం మారిపోయి ఉంటాయి, కూర్చుని సరిచేసుకుంటాం. వచ్చేటప్పుడు స్వీట్లు పంపకు, మీ మావయ్యకి షుగరు.

మీ అత్తయ్య