ఫ్లక్స్ సున్నా అయితే ఫీల్డ్ కూడా సున్నాయేనా? డిగ్రీ ఫిజిక్స్ సందేహాలు, జవాబులు

విద్యుత్తు, అయస్కాంతత్వం పేపరు మీద వచ్చిన ఉత్తరాల్లోంచి కొన్ని. ఒకే సందేహం ఇద్దరు ముగ్గురికి వచ్చినచోట కలిపి ఇస్తున్నాం.

ప్రశ్న: గాస్ నియమం నిర్వచనం, డెరివేషన్ తప్పు లేకుండా రాస్తాను. లెక్క ఇస్తే మాత్రం గాసియన్ తలం ఎక్కడ గీయాలో తోచదు. ఒక లెక్కలో ఫ్లక్స్ సున్నా వచ్చింది కదా అని ఫీల్డ్ సున్నా అని రాశాను. తప్పన్నారు. ఎందుకు?
— బీఎస్సీ విద్యార్థిని, తెనాలి

జవాబు: రెండో ముక్క ముందు చూద్దాం. గాస్ నియమం చెప్పేది మూసి ఉన్న తలం (మనం ఊహించుకుని గీసే ఆ తలమే గాసియన్ తలం) మొత్తం మీది ఫ్లక్స్ గురించి, అంటే తలం దాటి బయటికి పోయే ఫీల్డ్‌లోంచి లోపలికి వచ్చేది తీసేస్తే మిగిలేది. అది లోపలున్న మొత్తం ఛార్జిని బట్టే ఉంటుంది. ఆ తలం మీద ఒక్కొక్క బిందువు దగ్గర ఫీల్డ్ ఎంతో అది చెప్పదు. తలం బయట ఒక ఛార్జి ఉందనుకోండి. దాని ఫీల్డ్ ఒక పక్క నుంచి లోపలికి వచ్చి ఇంకో పక్క నుంచి బయటికి పోతుంది, ఒక కిటికీలోంచి వచ్చిన గాలి ఎదుటి కిటికీలోంచి పోయినట్టు. లెక్క సున్నా, గాలి మాత్రం వీస్తూనే ఉంది. తలం లోపల డైపోల్ (సమానమైన ప్లస్, మైనస్ ఛార్జీల జంట) పెట్టినా అంతే. ప్లస్, మైనస్ కలిసి మొత్తం ఛార్జి సున్నా కనుక ఫ్లక్స్ సున్నా అవుతుంది, డైపోల్ చుట్టూ ఫీల్డ్ మాత్రం ఉంటుంది.

ఇక తలం గీయడం. నియమం ఎప్పుడూ నిజమే, కానీ ఫీల్డ్ కనుక్కోవడానికి ఎప్పుడూ పనికిరాదు. ఫీల్డ్‌ను ఇంటిగ్రల్ బయటికి తీయగలిగితేనే పనవుతుంది. అందుకు తలం మీద ప్రతిచోటా ఫీల్డ్ విలువ ఒకటే అయి, దిశ తలానికి లంబంగా ఉండాలి. లేదంటే కొన్ని భాగాల మీద ఫీల్డ్ తలం వెంబడే ఉండి, ఫ్లక్స్ సున్నా కావాలి. ఇలా కుదిరే అమరికలు మీ సిలబస్‌లో మూడే: గోళం, అనంతమైన పొడవున్న తీగ లేదా స్తూపం, అనంతమైన పలక. పొడవు తెలిసిన కడ్డీ ఇచ్చి దాని కొనకు దగ్గరలో ఫీల్డ్ అడిగితే స్తూపం గీయకండి, అక్కడ కూలుంబ్ నియమంతో ఇంటిగ్రేషనే దారి.

సంఖ్యలతో ఒకటి చేసి చూడండి. 10 సెం.మీ. వ్యాసార్ధం ఉన్న ఇన్సులేటర్ గోళం, దాని ఘనపరిమాణమంతా సమంగా పరుచుకున్న 8 నానో కూలుంబ్ ఛార్జి. కేంద్రం నుంచి 5 సెం.మీ. దగ్గర ఫీల్డ్ ఎంత? తప్పంతా జరిగేది ఇక్కడే: మొత్తం 8 నానో కూలుంబ్ వేసేస్తారు, 28,800 వస్తుంది. లోపలి గోళం వ్యాసార్ధం సగం, కాబట్టి ఘనపరిమాణం ఎనిమిదో వంతు, దానిలో ఉన్న ఛార్జి 1 నానో కూలుంబే. 9 × 10⁹ ను 10⁻⁹ తో హెచ్చించి 0.05 వర్గంతో భాగిస్తే కూలుంబ్‌కు 3,600 న్యూటన్లు. ఉపరితలం దగ్గర 7,200, కేంద్రం నుంచి 20 సెం.మీ. దగ్గర 1,800. లోపల దూరంతో పాటు పెరిగి, ఉపరితలం దగ్గర గరిష్ఠమై, బయట దూరం వర్గానికి విలోమంగా తగ్గింది. ఈ మూడు విలువలూ గ్రాఫులో పెట్టుకుంటే తర్వాత మరిచిపోరు. అదే లోహపు గోళమైతే 5 సెం.మీ. దగ్గర సున్నా. బయటి రెండు విలువలూ మారవు.

పరీక్షల్లో వదలని ఇంకో లెక్క: ఘనం మూలలో ఛార్జి. మూల చుట్టూ అలాంటి ఎనిమిది ఘనాలు పేరిస్తే ఛార్జి మధ్యలో పడుతుంది, అంటే మన ఘనానికి దక్కే ఫ్లక్స్ ఎనిమిదో వంతు. అందరూ దాన్ని 6 ముఖాలకు పంచుతారు. కానీ మూలను తాకే మూడు ముఖాల మీద ఫీల్డ్ తలం వెంబడే ఉంటుంది, వాటిలో ఫ్లక్స్ సున్నా. మిగతా మూడు ముఖాలకు ఒక్కోదానికి 24వ వంతు చొప్పున వస్తుంది.

ప్రశ్న: పొటెన్షియల్ సున్నా ఉన్నచోట ఫీల్డ్ సున్నా కావాలి కదా?
— కరీంనగర్ పాఠకుడు

జవాబు: అక్కర్లేదు. ఫీల్డ్ అంటే పొటెన్షియల్ ఎంత ఉందన్నది కాదు, దూరంతో ఎంత వేగంగా మారుతోందన్నది. 20 సెం.మీ. ఎడంలో ప్లస్ 2, మైనస్ 2 నానో కూలుంబ్ ఛార్జీలు పెడితే మధ్య బిందువు దగ్గర పొటెన్షియల్ సున్నా, ఫీల్డ్ మీటరుకు 3,600 వోల్టులు. రెండూ ప్లస్ 2 అయితే ఫీల్డ్ సున్నా, పొటెన్షియల్ 360 వోల్టులు. ఈ జంట లెక్క ఒక్కటి చాలు.

ప్రశ్న: కెపాసిటర్‌లో డైఎలక్ట్రిక్ (ఇన్సులేటర్) పలక దూరిస్తే ఎనర్జీ తగ్గుతుందని ఒక గైడులో, పెరుగుతుందని మరో గైడులో ఉంది. ఏది సరైనది?
— బీఎస్సీ రెండో ఏడాది, అనంతపురం

జవాబు: రెండూ సరైనవే. బ్యాటరీ తీసేశాక దూర్చారా, ఉండగానే దూర్చారా అన్నది గైడులో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉండి ఉంటుంది. లెక్క చదవగానే మార్జిన్‌లో ఒక మాట రాసుకోండి: బ్యాటరీ తీసేస్తే ఛార్జి మారదు, ఉంచితే వోల్టేజి మారదు. ఏది మారదో దాన్ని బట్టే ఫార్ములా ఎంచుకోవాలి.

100 పికో ఫారడ్ కెపాసిటర్, 200 వోల్టుల బ్యాటరీ, డైఎలక్ట్రిక్ స్థిరాంకం 4 అనుకుందాం. మొదట ఛార్జి 20 నానో కూలుంబ్, ఎనర్జీ 2 మైక్రో జౌల్. బ్యాటరీ తీసి పలక దూరిస్తే ఛార్జి అంతే, వోల్టేజి 50కి, ఎనర్జీ 0.5 మైక్రో జౌల్‌కి పడిపోతాయి. పోయిన 1.5 మైక్రో జౌల్ ఏమైంది? కెపాసిటరే పలకను లోపలికి లాక్కుంటుంది. అలా లాగడంలో ఖర్చైంది.

బ్యాటరీ ఉండగా దూరిస్తే వోల్టేజి 200 అలాగే ఉండి, ఛార్జి 80 నానో కూలుంబ్, ఎనర్జీ 8 మైక్రో జౌల్ అవుతాయి. బ్యాటరీ అదనంగా పంపింది 60 నానో కూలుంబ్, అంటే అది చేసిన పని 12 మైక్రో జౌల్. అందులో 6 కెపాసిటర్‌లో చేరింది, మిగతా 6 పలకను లాగడానికి పోయింది. ఈ 12ను లెక్కలోకి తీసుకోకపోతే, ఎనర్జీ పెరుగుతోంది కనుక పలకను బయటికి నెడుతుందని తప్పు నిర్ణయానికి వస్తారు. బ్యాటరీ ఉన్నా లేకున్నా బలం లోపలికే.

ప్రశ్న: స్టీవార్ట్-గీ ప్రయోగంలో తూర్పు వైపు రీడింగులు, పడమర వైపు రీడింగులు కలవడం లేదు. గ్రాఫు శిఖరం కాయిల్ మధ్యలో కాకుండా పక్కకు వస్తోంది. రికార్డులో "ఎక్స్‌పెరిమెంటల్ ఎర్రర్" అని రాసేయవచ్చా?
— ఇద్దరు విద్యార్థులు, వరంగల్, కాకినాడ

జవాబు: రాయకండి. కరెంటు పోతున్న వృత్తాకారపు కాయిల్ అక్షం మీద ఫీల్డ్ దూరంతో ఎలా మారుతుందో, దిక్సూచి ముల్లు మళ్లే కోణం (డిఫ్లెక్షన్) చూసి కొలిచే ప్రయోగం ఇది. ఏ రీడింగు దేనితో కలవడం లేదో చూస్తే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఒకే చోట, ఒకే కరెంటుకు ముల్లు రెండు కొనలూ వేరు వేరు డిగ్రీలు చూపిస్తే ముల్లు ఇరుసు స్కేలు కేంద్రంలో లేదని అర్థం. రెండు కొనలూ చదివేది అందుకే, సగటులో ఈ తేడా పోతుంది. కమ్యుటేటర్‌తో కరెంటు దిశ మార్చగానే డిఫ్లెక్షన్ బాగా మారితే కాయిల్ తలం మాగ్నెటిక్ మెరిడియన్‌లో (అయస్కాంత సూది తనంతట తాను నిలిచే ఉత్తర దక్షిణ తలంలో) లేదు, మళ్లీ సరిచేసుకోవాలి. ఈ రెండూ బాగానే ఉండి, తూర్పు సగటు, పడమర సగటు ప్రతి దూరం దగ్గరా ఒకే పద్ధతిలో తేడా చూపిస్తుంటే బల్ల మీది స్కేలు సున్నా కాయిల్ కేంద్రంతో కలవడం లేదు. శిఖరం పక్కకు జరగడానికి సాధారణంగా కారణం ఇదే. ఏ పద్ధతీ లేకుండా తేడాలొస్తే ముల్లు ఇరుసు మీద పట్టేస్తోంది. ప్రతి రీడింగుకు ముందు గాజు మీద వేలితో మెల్లగా తట్టండి. కింద అద్దంలో ముల్లు ప్రతిబింబం ముల్లు వెనక దాక్కునేలా కన్ను పెట్టి చదవండి.

మొదలుపెట్టేటప్పుడు బల్ల చేతులు తూర్పు పడమరలుగా, కాయిల్ తలం ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. అయస్కాంత సూది కాయిల్ తలానికి సమాంతరంగా నిలిచినప్పుడు, దానికి బిగించిన అల్యూమినియం ముల్లు 0–0 చూపాలి. ఆ తర్వాత బల్లను కదపకూడదు. జేబులో ఫోను, పక్కన ఇనుప బీరువా, దగ్గరలో రియోస్టాట్ ఉంటే సూది వాటి మాట కూడా వింటుంది. కాయిల్‌కు వెళ్లే రెండు వైర్లూ మెలివేసి పెడితే వాటి సొంత ఫీల్డ్‌లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అమ్మీటర్‌ను కమ్యుటేటర్‌కు బ్యాటరీ వైపునే కలపాలి. కాయిల్ వైపు కలిపితే దిశ మార్చినప్పుడల్లా అమ్మీటర్ ముల్లు వెనక్కి కొడుతుంది.

ఇక కరెంటు ఎంత? 50 చుట్ల టెర్మినళ్లు, 10 సెం.మీ. వ్యాసార్ధం, 0.2 ఆంపియర్ అనుకోండి. కేంద్రంలో ఫీల్డ్ 6.28 × 10⁻⁵ టెస్లా. భూమి క్షితిజ సమాంతర అంశాన్ని ల్యాబుల్లో తీసుకునే 3.8 × 10⁻⁵ గా వేస్తే కేంద్రంలో డిఫ్లెక్షన్ 59 డిగ్రీల దగ్గర, 5 సెం.మీ. దూరంలో 50, 10 సెం.మీ. దగ్గర 30, 20 సెం.మీ. దగ్గర 8 రావాలి. మీ రీడింగులు వీటికి చాలా దూరంగా ఉంటే చుట్ల సంఖ్య టెర్మినళ్లు తప్పు కలిపారేమో ముందు చూడండి.

కేంద్రంలో 60 డిగ్రీలు దాటనివ్వొద్దనడానికి కారణం ఉంది. చదవడంలో 1 డిగ్రీ తప్పితే 45 డిగ్రీల దగ్గర ఫలితంలో తేడా మూడున్నర శాతం. 80 డిగ్రీల దగ్గర అదే 1 డిగ్రీకి తేడా 10 శాతం, 10 డిగ్రీల దగ్గరా అంతే. కాబట్టి గ్రాఫు చివర్లలో బిందువులు వక్రరేఖకు కాస్త అటూ ఇటూ పడితే కంగారు అక్కర్లేదు, వాటి కోసం వక్రరేఖను వంచకండి. వక్రరేఖ వంపు మారే రెండు బిందువుల మధ్య దూరం కాయిల్ వ్యాసార్ధానికి సమానం కావాలి. 10 సెం.మీ. కాయిల్‌కు అది 10 సెం.మీ. దగ్గరలో వస్తే మీ ప్రయోగం బాగా జరిగినట్టే.

ప్రశ్న: చతురస్రాకారపు తీగ చట్రం కేంద్రంలో ఫీల్డ్‌ను ఆంపియర్ నియమంతో చేయవచ్చా?
— నెల్లూరు పాఠకురాలు

జవాబు: కుదరదు. పొడవైన తీగ సూత్రాన్ని నాలుగు భుజాలకూ వేసి కలిపితే అసలు విలువకు 1.414 రెట్లు, అంటే 41 శాతం ఎక్కువ వస్తుంది. ఒక్కో భుజం చివరలు కేంద్రం నుంచి 45 డిగ్రీల్లో ముగిసిపోతాయి, ఆ సూత్రం తీగ అనంతంగా సాగుతుందని అనుకుంటుంది. తీగలో ఒక్కో చిన్న ముక్క ఇచ్చే ఫీల్డ్‌ను కలిపే బయో-సవర్ట్ నియమం వాడండి. ఆంపియర్ నియమాన్ని పొడవైన తీగకు, సోలినాయిడ్‌కు, టొరాయిడ్‌కు అట్టిపెట్టుకోండి.

ప్రశ్న: లెంజ్ నియమం ప్రకారం ప్రేరిత ఫీల్డ్ ఎప్పుడూ అసలు ఫీల్డ్‌కు ఎదురుగా ఉంటుందని రాస్తే కొట్టేశారు.
— బీఎస్సీ మొదటి ఏడాది, నల్గొండ

జవాబు: సరిగ్గానే కొట్టేశారు. ఎదిరించేది ఫీల్డ్‌ను కాదు, ఫ్లక్స్‌లో మార్పును. 100 చుట్లు, 20 చదరపు సెం.మీ. వైశాల్యం ఉన్న కాయిల్‌లో ఫీల్డ్ 0.1 సెకనులో 0.5 నుంచి 0.2 టెస్లాకు తగ్గిందనుకోండి. ప్రేరిత ఈఎంఎఫ్ (విద్యుచ్ఛాలక బలం) 0.6 వోల్టు. ఫ్లక్స్ తగ్గుతోంది కనుక ప్రేరిత కరెంటు ఆ తగ్గుదలను పూడ్చడానికి అసలు ఫీల్డ్ దిశలోనే ఫీల్డ్ ఇస్తుంది. ముందు ఫీల్డ్ దిశ, తర్వాత ఫ్లక్స్ పెరుగుతోందా తగ్గుతోందా, ఆపైన ప్రేరిత ఫీల్డ్ దిశ, చివరికి కుడిచేతి వేళ్లతో కరెంటు దిశ: ఈ వరసలో రాయండి. చదరపు సెం.మీ.ను చదరపు మీటర్లు చేసేటప్పుడు 10⁻² కాదు, 10⁻⁴.

ప్రశ్న: సీనియర్ల పాత రికార్డులో స్టీవార్ట్-గీ ఫార్ములా హారంలో 10 ఉంది, మా మాన్యువల్‌లో లేదు. ఆ 10 ఎక్కడిది?
— రాజమండ్రి పాఠకుడు

జవాబు: అది సీజీఎస్ (సెంటీమీటర్-గ్రామ్-సెకండ్) పద్ధతి. ఆ పద్ధతిలో కరెంటుకు విద్యుదయస్కాంత యూనిట్ ఒకటి 10 ఆంపియర్లకు సమానం, ఆంపియర్లలో వేసిన కరెంటును 10తో భాగించేది అందుకు. దూరాలు సెం.మీ.లో వేస్తే జవాబు గౌస్‌లో వస్తుంది, 10,000 గౌస్ ఒక టెస్లా. పైన స్టీవార్ట్-గీ జవాబులో చెప్పిన 50 చుట్ల కాయిల్‌కే వేసి చూడండి, 0.628 గౌస్ వస్తుంది. ఒక పద్ధతి ఫార్ములాలో రెండో పద్ధతి సంఖ్యలు మాత్రం వేయకండి. భూమి అంశాన్ని 0.38 అని వేశారంటే అది గౌస్ లెక్క, టెస్లా ఫార్ములా పక్కన పెట్టేటప్పుడు 0.38 × 10⁻⁴ కావాలి.