గ్యాస్ నొప్పి అని సరిపెట్టుకోకు, తల్లీ

చిట్టి తల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

కుడి పక్కటెముకల కింద పట్టేసినట్టు ఉంటోందని నువ్వు ఫోనులో చెప్పినప్పటి నుంచి నా మనసు చీపురుపల్లిలోనే ఉంది. ఏడో నెల దాటాక ఇలాంటి నొప్పి చాలామందికి వచ్చేదే. గర్భసంచి పైకి పెరిగే కొద్దీ పక్కటెముకల గూడు వెడల్పవుతుంది, ఊపిరి నిండా అందదు. దానికి తోడు బిడ్డ కాళ్లు అక్కడే తగులుతుంటే మరీ బాధ.

ముందు నీ జాకెట్టు చూసుకో. పాత కొలతకు కుట్టిన జాకెట్టు కింది హుక్కు సరిగ్గా నొప్పి ఉన్నచోటే నొక్కుతుంది. ఇంట్లో ఉన్నంతసేపు ఆ హుక్కు వదిలెయ్యి, లంగా బొందు పొట్ట కిందికి దించి కట్టుకో. కుట్టు మిషను మీద గంటల తరబడి వంగి కూర్చోకు. మధ్యమధ్య లేచి, నొప్పి ఉన్న వైపు చెయ్యి పైకెత్తి గోడకు ఆనించి, ఆ పక్క సాగేలా నెమ్మదిగా ఊపిరి పీల్చు. పడుకునేటప్పుడు ఎడమ వైపు తిరిగి, వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒకటి పెట్టుకో. గుండెల్లో మంటకైతే రాత్రి భోజనం పెందలాడే, కొద్దిగా తిను. తిన్న వెంటనే నడుం వాల్చకు.

అసలు సంగతి ఇది. మన ఇళ్లలో ఏ నొప్పికైనా "గ్యాస్ పట్టింది, సోడా తాగు" అనేస్తారు. కడుపుతో ఉన్న పిల్ల విషయంలో ఆ మాట నేను ఒప్పుకోను. ఇరవై వారాల తర్వాత బీపీ పెరిగి కాలేయం దెబ్బతింటే, ఆ నొప్పి కూడా కుడి పక్కటెముకల కిందే వస్తుంది. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం, చేతులు ఉబ్బడం, వాంతులు, వీటిలో ఏ ఒక్కటి తోడైనా తెల్లవారేదాకా ఆగకు. ఛాతీ నొప్పితో ఆయాసం వచ్చినా, ఒక్క కాలి పిక్కే వాచినా అంతే. అర్ధరాత్రయినా సరే, 108కి ఫోను చేసి విజయనగరం ఘోష ఆసుపత్రికి వచ్చెయ్యండి. మీ అత్తగారు ఏమనుకుంటారోనని మొహమాటపడకు, ఆవిడతో నేను మాట్లాడతాను.

మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకోకు. వాటిలో కొన్ని బిడ్డ మూత్రపిండాలకు చేటు చేస్తాయి.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు, నిజమే. కానీ నీ నొప్పి కుడి వైపు కాబట్టి అప్పటిదాకా ఆగవద్దు. ఈ ఉత్తరం అందిన రోజే వెళ్లి బీపీ, మూత్రం పరీక్ష చేయించుకో. బీపీ 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే ఇంటికి తిరిగి రాకుండా అక్కడి నుంచే డాక్టరు దగ్గరకు వెళ్లు. అంకె ఎంత వచ్చిందో నాకు ఫోనులో చెప్పు.

మీ పెద్దమ్మ