డాక్టర్ సలహా: టీ లాటెతో పాటే ఐరన్ మాత్ర వేసుకుంటున్నారా?

ప్రశ్న: నా వయసు 36. అనంతపురంలో ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఫోన్లో చూసి ఇంట్లోనే టీ లాటె చేయడం నేర్చుకున్నాను. చిక్కటి డికాషన్‌లో నురుగు పాలు, బెల్లం, కొంచెం దాల్చిన చెక్క పొడి కలుపుతాను. స్కూల్ నుంచి రాగానే ఒక పెద్ద మగ్గు, రాత్రి తొమ్మిదిన్నరకు ఇంకో మగ్గు తాగుతాను. అది తాగితేనే రోజంతా పడిన అలసట తీరుతుంది. కానీ నురుగు సరిగా రావడం లేదు, బెల్లం వేస్తే ఒక్కోసారి పాలు విరుగుతున్నాయి. ఏ పాలు వాడాలి? రాత్రి భోజనం మానేసి ఇదే తాగితే బరువు తగ్గుతానా? ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. హిమోగ్లోబిన్ 9.1 ఉందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. మూడు నెలలుగా మర్చిపోకుండా రాత్రి లాటెతో పాటు వేసుకుంటున్నా, మొన్న చూపిస్తే 9.3 వచ్చింది. గ్యాస్ మాత్ర ఏడాదిగా రోజూ పరగడుపున వేసుకుంటాను. నెలసరి ఏడెనిమిది రోజులు ఉంటుంది, నొప్పికి మెడికల్ షాపులో ఇచ్చే మాత్రలు వాడతాను.

జవాబు: అమ్మా, లాటె గురించి మీరు చాలా వివరంగా రాశారు. ఆయాసం, రక్తం తక్కువ, గ్యాస్ మాత్ర, నెలసరి మాత్రం చివర్లో నాలుగు ముక్కల్లో తేల్చేశారు. నన్ను కంగారు పెట్టింది ఆ చివరి నాలుగు ముక్కలే. మీ పాల నురుగు సంగతి కూడా చెబుతాను, కానీ ముందు ఇది వినండి.

గర్భం లేని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటాం. 8 నుంచి 10.9 మధ్య ఉంటే అది మధ్యస్థాయి రక్తహీనత. మీరు అక్కడున్నారు. ఐరన్ లోపం వల్లే రక్తం తగ్గి, వేసుకున్న మాత్ర సరిగ్గా ఒంటబడితే సాధారణంగా నెలకు ఒక గ్రాముకు తక్కువ కాకుండా పెరగాలి. మీకు మూడు నెలల్లో పెరిగింది 0.2. అంత చిన్న తేడా ల్యాబ్‌లో యంత్రం మారినా వస్తుంది. అంటే ఈ మూడు నెలల మందు దాదాపు వృథా అయినట్టే.

ఎందుకంటే మీరు మాత్ర వేసుకుంటున్నది లాటెతో. తేయాకులో ఉండే టానిన్ల లాంటి పదార్థాలు కడుపులోనే ఐరన్‌ను పట్టేసుకుంటాయి, అది పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్లలేదు. పాలలోని క్యాల్షియం కూడా ఐరన్‌కు అడ్డుపడుతుంది. మామూలు టీలో పాలు కొద్దిగా పోస్తాం. లాటెలో సగం పాలే, డికాషన్ కూడా చిక్కనిది. ఐరన్ మాత్రకు ఇంతకంటే సరిపడని తోడు నాకు గుర్తుకు రావడం లేదు. బెల్లంలో ఐరన్ ఉంటుందనే చాలామంది చక్కెర మానేసి బెల్లం వేసుకుంటారు. రెండు చెంచాల బెల్లంలో ఉండేది కొంచెమే, ఆ కొంచెం కూడా టీలోనే చిక్కుకుపోతుంది. చక్కెరకూ బెల్లానికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు.

ఇక ఆ గ్యాస్ మాత్ర. పేరు రాయలేదు గానీ పరగడుపున వేసుకుంటున్నారంటే పాంటాప్రజోల్ లేదా ఒమెప్రజోల్ లాంటిదే అనుకుంటున్నాను. చెడ్డ మందు కాదు, మేమూ రాస్తాం. కానీ మామూలు ఎసిడిటీకి నాలుగు నుంచి ఎనిమిది వారాలకు రాస్తాం, తర్వాత మళ్లీ చూసి అవసరమైతేనే పొడిగిస్తాం. ఐరన్ ఒంటబట్టాలంటే కడుపులో ఆమ్లం కావాలి. ఈ మాత్ర పనే ఆ ఆమ్లాన్ని తగ్గించడం. ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బి12, మెగ్నీషియం కూడా తగ్గే అవకాశం ఉంది. ఏడాది పాటు రోజూ ఒక మందు మింగుతూ, ఈ మంట ఎందుకు వస్తోందని ఒక్కసారి కూడా ఎవరికీ చూపించుకోకపోవడం తప్పమ్మా. మీరు పిల్లలకు పాఠాలు చెప్పేవారు, మీకు ఈ మాట చెప్పాల్సి రావడం నాకు బాధగా ఉంది. అలాగని ఇది చదివి రేపే ఠక్కున ఆపేయకండి. ఇన్నాళ్లు వాడాక ఒక్కసారిగా మానితే మంట రెట్టింపై తిరిగొస్తుంది. డాక్టర్ చెప్పిన పద్ధతిలో మెల్లగా తగ్గించాలి.

మీ రోజును నేను ఇలా అర్థం చేసుకుంటున్నాను. అలసటకు టీ తాగుతున్నారు. రాత్రి తొమ్మిదిన్నరకు పెద్ద మగ్గుడు టీ తాగి పడుకుంటే ఛాతీలో మంట వస్తుంది, నిద్ర కూడా సరిగా పట్టదు. లోపలికి వెళ్లిన కెఫీన్‌లో సగం పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఆ మంటకు పొద్దున గ్యాస్ మాత్ర. ఆ మాత్ర వల్ల, టీ వల్ల ఐరన్ ఒంటబట్టదు, రక్తం పెరగదు. రక్తం లేక మళ్లీ అలసట, మళ్లీ టీ.

ఇంకో వైపు రక్తం బయటికి కూడా పోతోంది. నెలసరి ఏడు రోజులు దాటడం, గడ్డలు పడటం, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి రావడం, ఇవేవీ ‘మా ఇంట్లో అందరికీ అంతే’ అని వదిలేసేవి కావు. గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు, అంటే క్యాన్సర్ కాని కణుతులు ఉండొచ్చు, థైరాయిడ్ తేడా ఉండొచ్చు, ఇంకేదైనా ఉండొచ్చు. గైనకాలజిస్టు పరీక్షించి స్కానింగ్ చేయిస్తే గానీ తెలియదు. ఆ నొప్పి మాత్రలు కూడా కడుపులో పుండు చేసి, తెలియకుండానే లోపల రక్తం కారేలా చేయగలవు. ఐరన్ వాడేవాళ్లకు విరేచనం నల్లగా రావడం మామూలే, దానికి భయపడొద్దు. కానీ తారులా జిగటగా, ఘాటైన దుర్వాసనతో వస్తే అది వేరు, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. కూర్చున్నా ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, గుండె దడ ఆగకపోవడం, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయొద్దు.

మిమ్మల్ని కళ్లతో చూడకుండా రాస్తున్న సలహా ఇది. మందు మార్చడం, మోతాదు తేల్చడం మిమ్మల్ని పరీక్షించిన డాక్టరే చేయాలి. నేను అడిగేది ఈ వారంలో ఒక ఫిజీషియన్‌ను కలవమని. పూర్తి రక్త పరీక్ష, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష), బి12, థైరాయిడ్ చేయించమంటారని నా అంచనా. అన్ని రక్తహీనతలూ ఐరన్ లోపం వల్లే రావు. తల్లిదండ్రుల నుంచి వచ్చే తలసీమియా అనే రక్త లోపపు జన్యువు ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి అనవసరంగా ఐరన్ మింగిన సందర్భాలున్నాయి. పచ్చి బియ్యం, సుద్ద, ఐసు ముక్కలు నమలాలనిపిస్తోందా? మన వైపు ఆడవాళ్లు చాలామంది పచ్చి బియ్యం తింటారు, సిగ్గుపడి చెప్పరు. ఉంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి, ఐరన్ లోపానికి అదొక గుర్తు.

ఈ లోపు ఐరన్ మాత్రను లాటె నుంచి విడదీయండి. భోజనానికి గంట ముందో, రెండు గంటల తర్వాతో నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకోండి. కడుపులో తిప్పితే కొంచెం ఏదైనా తిన్నాక వేసుకోవచ్చు. దానికి ముందు గంట, తర్వాత రెండు గంటలు టీ, కాఫీ, పాలు వద్దు. క్యాల్షియం మాత్ర కూడా అప్పుడు వద్దు. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లయితే దానికీ ఐరన్‌కూ నాలుగు గంటల ఎడం ఉండాలి. రాగి సంగటి తింటే రక్తం పడుతుందని మన దగ్గర గట్టి నమ్మకం. రాగుల్లో క్యాల్షియం బాగా ఉంటుంది, మంచి తిండే. కానీ రక్తహీనతను సంగటి ఒక్కటే నయం చేయలేదు. పక్కన ఆకుకూర పప్పు పెట్టుకుని దాని మీద నిమ్మకాయ పిండుకోండి, మాంసం తినేవాళ్లయితే ఇంకా మంచిది. రాత్రి భోజనం మానేసి లాటె తాగే ఆలోచన మాత్రం పూర్తిగా వదిలేయండి. టోన్డ్ పాలతో చేసినా రెండు మగ్గులు 250 కేలరీల దాకా ఉంటాయి. బరువు తగ్గడం అటుంచి, ఉన్న రక్తహీనతకు తిండి లోపం తోడవుతుంది.

ఇప్పుడు మీరు అడిగింది. లాటె మానమని నేను చెప్పను. సాయంత్రం ఒక మగ్గు, అదీ ఆరు లోపు తాగండి. నీళ్లు మరిగాక స్టౌ ఆపి, టీ పొడి వేసి నాలుగైదు నిమిషాలు మూత పెట్టండి. పొడి వేసి పది నిమిషాలు మరిగిస్తే చేదు, టానిన్లు రెండూ ఎక్కువ దిగుతాయి. బెల్లాన్ని ఆ వేడి డికాషన్‌లోనే కరిగించి వడగట్టండి. పాలలో బెల్లం వేసి మరిగిస్తేనే విరుగుతాయి. పాల మీద ఆవిరి లేవడం మొదలయ్యేదాకా, అంటే 60 నుంచి 65 డిగ్రీల దాకా వేడి చేసి, లోతైన గిన్నెలో కవ్వంతో అర నిమిషం చిలకండి. నురుగు నిలిచేది పాలలోని ప్రొటీన్ వల్ల. తెర్లిన పాలలో అంత బాగా రాదు. టోన్డ్ పాలు చాలు, వెన్న తీయని పాలే కావాలని లేదు. ఇంటికి పోసే విడి పాలైతే మాత్రం ముందు ఒకసారి బాగా పొంగించి, చల్లార్చి, తర్వాత లాటెకు వేడి చేసుకోండి. పచ్చి పాలతో బ్రూసెల్లోసిస్ జ్వరం వస్తుంది, నెలల తరబడి వేధిస్తుంది. దాల్చిన చెక్క చిటికెడు దాటొద్దు. పొగలు కక్కుతుండగానే తాగే అలవాటుంటే కాస్త ఆరనివ్వండి. 65 డిగ్రీలు దాటిన పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో హెచ్చరించింది.

నీళ్ల గురించి మీరు రాయలేదు. మన జిల్లాలో చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. తేయాకులో కూడా సహజంగా ఫ్లోరైడ్ ఉంటుంది. మరిగిస్తే అది పోదు, నీరు ఇగిరే కొద్దీ చిక్కబడుతుంది. బోరు నీళ్లతో టీ పెడుతుంటే ఆపి, సత్యసాయి పథకం నీళ్లో, ఆర్‌వో నీళ్లో వాడండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల షీట్లన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. షాపులో కత్తిరించి ఇచ్చినప్పుడు పేరున్న సగం వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. అలాంటివి ఉంటే ముందు ఆ షాపుకు వెళ్లి, ఆ మాత్ర పేరు, మోతాదు కాగితం మీద రాయించుకుని అప్పుడు బయల్దేరండి.