రిమ్ములకి ఆర్డర్ పెట్టే ముందు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలు, రాసిన అంకెలు చూశాను. కారు కిందికి దించి, వెడల్పాటి రిమ్ములు వేసి, సన్నటి టైరుని వాటి మీద సాగదీసి, ఫెండర్ (చక్రం పైన ఒంపుగా ఉండే రేకు) అంచుకి ఒరుసుకుంటుందా అన్నంత దగ్గరగా పెట్టాలని నీ ముచ్చట. ఆ తీరు నాకూ ఇష్టమే. బాగా కుదిరిన కారు పక్కనుంచి వెళ్తే ఈ వయసులో కూడా తల తిప్పి చూస్తాను. అందుకని మానెయ్యమని రాయడం లేదు. కానీ నువ్వు ఎంచుకున్న సైజు చూసి రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందుగా ఒక సంగతి. మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. నేను మొదటిసారి దించిన కారులో వెనక టైరుకీ ఫెండర్‌కీ మధ్య ఒక వేలు దూరేంత సందు ఉండేది. ఖాళీ కారు, చదునైన నేల, చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఓ రోజు మీ అమ్మనీ, అమ్మమ్మనీ వెనక సీట్లో ఎక్కించుకుని బయల్దేరాను. స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా జర్రుమని చిన్న చప్పుడు. కాసేపటికి కాలిన రబ్బరు వాసన. ఆపి చూస్తే టైరు భుజం మీద చుట్టూ చాకుతో గీసినట్టు గాడి పడింది. వేలితో ఆ గాడి తెరిచి చూశాను, లోపలి దారాలు తెల్లగా బయటపడ్డాయి. ఫెండర్ లోపలి అంచు రంగు పోయి కొత్త బ్లేడులా మెరుస్తోంది. ఆ దారాలు కూడా తెగి ఉంటే ఏమయ్యేదో నీకు విడమరిచి చెప్పక్కర్లేదు. నిలబెట్టిన కారు చూసి కొలత తీసుకోవడం ఆ రోజుతో మానేశాను. నువ్వూ అలా తీసుకోవద్దనే నా బాధంతా.

ఇప్పుడు నీ అంకెల దగ్గరికొద్దాం. కంపెనీ వేసిన రిమ్ము 7జే, అంటే 7 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ ఈటీ 45, అంటే 45 మిల్లీమీటర్లు. నువ్వు వేద్దామనుకుంటున్నది 9.5జే, ఈటీ 22. ఆఫ్‌సెట్ అంటే రిమ్ము వెడల్పు మధ్యగీతకీ, హబ్‌కి (చక్రం బిగించే ఇరుసు కొసకి) ఆనే ముఖానికీ మధ్య దూరం. ఈ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికొస్తుంది. లెక్క ఇలా చెయ్యి. రిమ్ము వెడల్పులో సగం తీసుకుని మిల్లీమీటర్లలోకి మార్చు. అందులోంచి ఆఫ్‌సెట్ తీసేస్తే హబ్ నుంచి బయటివైపు ఎంతుందో వస్తుంది, కలిపితే లోపలివైపు ఎంతుందో వస్తుంది. పాత రిమ్ముకి బయటికి 44, లోపలికి 134. నీ 9.5జేకి బయటికి దాదాపు 99, లోపలికి 143. అంటే పాతదానికంటే బయటి అంచు 55 మిల్లీమీటర్లు ముందుకొస్తోంది. మూడు వేళ్ల మందం! అదే 8.5జే, ఈటీ 35 తీసుకుంటే బయటికి 29 మాత్రమే పెరుగుతుంది. లోపలివైపు రెండింటికీ 9 మిల్లీమీటర్లే పెరుగుదల. కాబట్టి షాక్ అబ్జార్బర్ తగులుతుందేమోనన్న భయం రెండింటికీ ఒకటే. తేడా అంతా ఫెండర్ దగ్గరే.

క్యాంబర్ పెట్టి చక్రం పైభాగాన్ని లోపలికి వంచేస్తాను మామయ్యా అంటావు. వంచితే ఎంత వస్తుందో కూడా లెక్క కట్టాను. నీ టైరు సైజుకి ఒక డిగ్రీ నెగటివ్ క్యాంబర్ పెడితే టైరు పైభాగం 5 మిల్లీమీటర్ల పైచిలుకు లోపలికి వెళ్తుంది. 9.5జేకీ 8.5జేకీ మధ్య ఉన్న 26 మిల్లీమీటర్లని దాచాలంటే, మామూలుగా పెట్టేదానికి అదనంగా దాదాపు 5 డిగ్రీలు కావాలి. జపాన్‌లో అలా విపరీతంగా వంచడాన్ని ఒనిక్యాన్ అంటారు, రాక్షస క్యాంబర్ అని అర్థం. ప్రదర్శనకి పెట్టే కారుకి సరే. నువ్వు రోజూ పనికి వెళ్లే కారు అలా ఉంటే టైరు లోపలి అంచు మీదే నడుస్తుంది, వానలో బ్రేకు వేసినప్పుడు పట్టు దొరకదు.

కాబట్టి నా మాట విని 8.5జే దగ్గర ఆగు. దానికీ ముందు కారు ఎత్తు తేల్చుకో. చాలామంది రిమ్ములు ముందు కొని, తర్వాత కారు దించి, అప్పుడు తగులుతోందని ఫెండర్ కోస్తారు. తలకిందుల పని అది. ఎత్తు మారితే క్యాంబర్ మారుతుంది, టో (పైనుంచి చూస్తే చక్రాల ముందువైపు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు) మారుతుంది, చక్రం ఫెండర్‌లోకి వెళ్లే దారే మారిపోతుంది. అసలు షాక్ అబ్జార్బర్లు అలాగే ఉంచి స్ప్రింగులు కోసెయ్యడం మాత్రం ఎప్పుడూ చెయ్యకు. కోసిన స్ప్రింగు చక్రం కిందికి వేలాడినప్పుడు కప్పులోంచి జారిపోగలదు. ఎత్తుకి తగ్గ కాయిలోవర్లే (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే సెట్టు) పెట్టించు. 30 నుంచి 40 మిల్లీమీటర్లు దించితే చాలు. దించాక కారు కిందికి తొంగి చూసి లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారు ఒంటికి కలిపే కింది కడ్డీ) ఎలా ఉందో గమనించు. లోపలి కొస కంటే చక్రం వైపు కొస పైకి లేచి ఉంటే అతిగా దించినట్టే. అక్కణ్ణుంచి స్టీరింగ్ గుంతగుంతకీ చేతిలో కదులుతూ ఉంటుంది. కొత్త స్ప్రింగులు కొద్ది రోజులకి ఇంకాస్త దిగుతాయి, అందుకే ఓ వారం తిప్పాకే కొలతలు తీసుకో.

కొలత తియ్యడానికి ఒక ఆదివారం మొత్తం కేటాయించు. కారుని జాకీతో లేపి స్టాండ్ల మీద నిలబెట్టు. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరకు. ఒక మూల కాయిలోవర్ విప్పి, స్ప్రింగు తీసేసి, షాక్ అబ్జార్బర్ ఒక్కటే తిరిగి బిగించు. స్ప్రింగు విప్పే పని నీకు అలవాటు లేకపోతే తెలిసినవాళ్లని పక్కన పెట్టుకో, నొక్కి ఉన్న స్ప్రింగు ఎగిరితే ఎముక విరుగుతుంది. ఇక చక్రం బిగించి, లోయర్ ఆర్మ్ కింద జాకీ పెట్టి మెల్లిగా పైకి లేపు, బంప్ స్టాప్ (చక్రం ఇంక పైకి వెళ్లకుండా ఆపే రబ్బరు దిమ్మ) నలిగేదాకా. పెద్ద గుంతలో పడ్డప్పుడు నీ చక్రం వెళ్లే చోటు అదే. అక్కడ ఉంచి స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పు. ఫెండర్ అంచు, లోపలి ప్లాస్టిక్ లైనర్, లైనర్‌ని పట్టుకున్న స్క్రూ, షాక్ అబ్జార్బర్ ఒళ్లు, బ్రేకు పైపు, ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూడు. చెయ్యి పట్టని చోట పిల్లలు ఆడుకునే మెత్తటి క్లే ముద్ద అంటించి చక్రం తిప్పు. ముద్ద ఎంత మందాన నలిగిందో చూస్తే అక్కడ ఉన్న సందు అంతే. లోపలివైపు కనీసం 5 మిల్లీమీటర్లు మిగలాలి, ఎందుకంటే మలుపులో టైరు పక్కకి ఒరుగుతుంది, రిమ్ము కూడా కాస్త వంగుతుంది. నాలుగు మూలలా ఇదే చెయ్యి. కుడి ఎడమలు ఒకటే ఉంటాయనుకోవద్దు, చాలా కార్లలో రెండు పక్కల మధ్య కొన్ని మిల్లీమీటర్ల తేడా ఉంటుంది.

రిమ్ము ఇంకా కొనకుండా ఇదంతా ఎలా అంటావేమో. పాత చక్రంతోనే చెయ్యి, ఎక్కడెక్కడ ఎంత సందు ఉందో రాసుకో, అందులోంచి బయటికి 29, లోపలికి 9 తీసెయ్యి. పాత టైరు భుజం గుండ్రంగా ఉంటుంది, సాగదీసిన టైరు భుజం లోపలికి వాలి ఉంటుంది, కాబట్టి పైన కాస్త చోటు కలిసొస్తుంది. ఆ కలిసొచ్చేదాన్ని మాత్రం లెక్కలో వేసుకోకు, జాగ్రత్తకి ఉండనీ.

వెనక ఫెండర్ లోపలి మడత తగులుతుందని తేలితే దాన్ని రోల్ చేయించాల్సిందే, అంటే రోలర్‌తో నొక్కి లోపలికి చదునుగా మడిపించాలి. హీట్ గన్‌తో రంగు చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడెక్కాక, రోలర్‌ని కొంచెం కొంచెం బిగిస్తూ చాలాసార్లు తిప్పాలి. ఒకేసారి బిగిస్తే రంగు పెచ్చులు లేస్తుంది. అయ్యాక ఆ మడతలో పగిలిన సీలర్ మళ్లీ పూయించి రంగు వేయించు, లేకపోతే అక్కణ్ణుంచే తుప్పు మొదలవుతుంది.

ఇక టైరు. నువ్వు అనుకున్న 215/40 ఆర్ 18 సైజు మంచిదే. 215 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 40 అంటే సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో 40 శాతం, 18 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. కంపెనీ టైరు 205/55 ఆర్ 16 మొత్తం ఎత్తు 632 మిల్లీమీటర్లు, దీనిది 629. స్పీడోమీటర్ దాదాపు మారదు. ఈ టైరుకి ఒప్పుకున్న రిమ్ము వెడల్పు 7 నుంచి 8.5 అంగుళాలు. 8.5 మీద వేస్తే హద్దులోపలే ఉంటూ సైడ్‌వాల్ నిటారుగా, కొద్దిగా సాగినట్టు కనబడుతుంది. నీకు కావలసిన అందం అక్కడే వచ్చేస్తుంది. 9.5 అంటే 241 మిల్లీమీటర్ల రిమ్ము మీద 215 టైరు. ఆ వెడల్పుకి టైరు కంపెనీ పూచీ పడదు. బీడ్ అంటే టైరు లోపలి అంచున ఉన్న ఉక్కు తీగల చుట్ట. అది రిమ్ము మీద తనకోసం ఉన్న గాడిలో తిన్నగా ఆని ఉండాలి. మరీ సాగదీస్తే వాలుగా ఆనుతుంది, గాలి కాస్త తగ్గి మలుపులో పక్కకి తోపు పడగానే గాడి వదిలేస్తుంది. పైగా మామూలుగా సైడ్‌వాల్ ఉబ్బు రిమ్ము అంచుని కాపాడుతుంది. సాగిన టైరుకి ఆ ఉబ్బే ఉండదు. గుంతలో పడితే దెబ్బ నేరుగా రిమ్ముకే.

బరువు సంగతి కూడా చూడు. పాత టైరు మీద మోసే బరువుకి గుర్తుగా 91 అని ఉంది, అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది. 215/40 ఆర్ 18లో ఎక్స్‌ఎల్ రకం (ఎక్కువ బరువు మోసేలా గట్టిగా చేసినది) తీసుకుంటే 89, అంటే 580 కిలోలు. ఎక్స్‌ఎల్ కానిది 85, అంటే 515 కిలోలే, దాని జోలికి వెళ్లకు. నీ కారు యాక్సిల్ బరువు పరిమితి చూసి 580 సరిపోతుందో లేదో సరిచూసుకో. ఎక్స్‌ఎల్ టైరు ఆ 580 మొయ్యాలంటే 42 పీఎస్ఐ గాలి ఉండాలి. తలుపు మీద స్టిక్కర్ చూసి 33 కొట్టించావంటే ఆ బలం చాలా పడిపోతుంది. గాలి కొట్టే కుర్రాడు 'ఇంతెందుకు సార్' అంటాడు. వాడి మాట వినకు. సైడ్‌వాల్ మీద రాసిన గరిష్ఠం మాత్రం దాటనివ్వకు. సొంతంగా ఒక గేజీ కొనుక్కుని, వారానికొకసారి పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూడు.

టైరు ఎక్కించేటప్పుడు నువ్వు దగ్గరుండాలి. బీడ్‌కి, రిమ్ము గాడికి టైరు పేస్టు దట్టంగా పూయించు. గ్రీజు, ఇంజన్ ఆయిలు పూస్తే రబ్బరు దెబ్బతింటుంది. వాల్వు పిన్ను తీసేసి గాలి ఎక్కిస్తే జోరుగా వెళ్లి బీడ్ అంచుకి చేరుతుంది. రెండు సార్లు టప్పుమని వినబడాలి, ఒక్కో పక్కకి ఒకటి. 40 పీఎస్ఐ వచ్చినా కూర్చోకపోతే ఇంకా కొట్టనివ్వకు. గాలి దింపి, పేస్టు మళ్లీ పూసి, మొదట్నుంచి మొదలుపెట్టాలి. ఆ సమయంలో ముఖం, చేతులు టైరు మీదికి పెట్టకూడదు. పొడుగు పైపు, దానంతటదే పట్టుకుని ఉండే నాజిల్ వాడాలి. కూర్చున్నాక సైడ్‌వాల్ మీద రిమ్ము పక్కనే ఉండే సన్నటి గీత చూడు. చుట్టూ రిమ్ముకి ఒకే దూరంలో ఉంటే సరిగ్గా కూర్చున్నట్టు.

స్ప్రే కొట్టి అగ్గిపుల్ల గీసి టైరు ఎక్కించేవాళ్లున్నారు. నాతో పనిచేసిన ఒక కుర్రాడు అలాగే చేసి ముంజేయి కాల్చుకున్నాడు. మచ్చ ఇప్పటికీ ఉంది. ఏ షాపులోనైనా లైటర్ బయటికి తీస్తే నీ రిమ్ము తీసుకుని వచ్చెయ్యి. ఒక్కసారిగా గాలి వదిలే ట్యాంకు ఉన్న చోటికే వెళ్లు.

బిగించే దగ్గర మూడు చూసుకో. కొత్త రిమ్ము మధ్య రంధ్రం 73.1 ఉండి నీ హబ్ 60.1 అయితే మధ్యలో సరైన రింగు పడాలి, లేకపోతే చక్రం నడిమధ్యకి రాక స్టీరింగ్ వణుకుతుంది. నట్టు మొన రిమ్ము గుంటకి సరిపోవాలి, శంకువు గుంటకి శంకువు నట్టే. 12 మిల్లీమీటర్ల స్టడ్‌కి 1.5 మరలైతే నట్టు కనీసం 8 చుట్లు పట్టాలి. కారు పుస్తకంలో రాసినంత టార్క్ రెంచ్‌తో బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడు. ఇంపాక్ట్ గన్‌తో కొట్టి వదిలేస్తే ఊరుకోకు.

తర్వాత అలైన్‌మెంట్. క్యాంబర్ 2 డిగ్రీల దగ్గర ఉంచి, టో సున్నాకి దగ్గరగా పెట్టించు. టైరుని తినేది ఎక్కువగా టోనే, తిట్లు మాత్రం క్యాంబర్‌కి పడతాయి. కారు దిగింది కాబట్టి హెడ్‌లైట్లు కూడా సరిచేయించు. ఈ మార్పులు మీ దగ్గర చట్టానికీ ఇన్సూరెన్స్‌కీ సమ్మతమేనా అని ముందే కాగితం మీద తెలుసుకో, ప్రమాదం జరిగాక అడిగితే లాభం లేదు.

కొలతలు తీశాక నాలుగు మూలల అంకెలూ విడివిడిగా రాసి నాకు పంపు. ముందు కుడి, ముందు ఎడమ, వెనక కుడి, వెనక ఎడమ, ఒక్కోదానికి లోపలి సందు, బయటి సందు. వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి వెనక రెండూ ఇంకోసారి కొలిచి అదీ రాయి. నేను లెక్క చూసి ఫోన్ చేస్తాను. అప్పటిదాకా అడ్వాన్స్ కట్టకు.

అమ్మని అడిగానని చెప్పు.

నీ మామయ్య